గుడి నుంచి గడప దాకా

ఆదివారం పూజకి వెళ్లడం పెద్ద కష్టమేం కాదండీ. పొద్దున్నే లేచి, పిల్లల్ని తయారుచేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, కొంగు తలమీదికి లాక్కుని గుడిలో ఆడవాళ్ల వైపు కూర్చుంటే గంటంబావులో అయిపోతుంది. ఫాదర్ గారి ప్రసంగం సాగుతుంటే సగం మనసు ఇంట్లో నానబెట్టిన మినప్పప్పు మీదే ఉంటుంది. సత్ప్రసాదం పుచ్చుకుని బయటికొచ్చి, ఇద్దరు ముగ్గుర్ని "బాగున్నారా వదినా?" అని పలకరించి, దారిలో కోడిమాంసం కొనుక్కుని ఇల్లు చేరతాం. మళ్లీ ఆదివారం దాకా దేవుడి పని దేవుడిది, మన పని మనది.

నేను ఇరవయ్యేళ్ల పైన ఇలాగే గడిపాను. నా వెనక వరసలో ఎప్పుడూ కూర్చునే ఆవిడ పేరేమిటో, ఇల్లెక్కడో కూడా నాకు తెలీదు. పూజలో పక్కవాళ్లకి సమాధానం చెప్పుకోమంటారు కదా, అప్పుడు వెనక్కి తిరిగి ఒక నమస్కారం పెట్టేదాన్ని. అంతే మా పరిచయం!

మన వైపు కథోలిక భక్తికి కొదవ లేదు. గుణదల కొండనే చూడండి. 1924లో ఫాదర్ ఆర్లాటి అక్కడ మేరీమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్లకి లక్షల్లో జనం వస్తారు. తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. హిందూ సోదరీమణులూ మొక్కులు తీర్చుకుంటారు. ఫిరంగిపురంలో జూలైలో కార్మెల్ మాత పండుగప్పుడూ కొండంతా జనమే. కానీ ఆ జనంలో నా పక్కన కొవ్వొత్తి పట్టుకుని నడిచినావిడకి రేపు జ్వరమొస్తే నాకు తెలుస్తుందా? తెలీదు. తిరునాళ్లు అందుకు కాదు కూడా.

కథోలికుల్లో ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడినీ, దాని చుట్టూ ఉన్న కుటుంబాలనీ కలిపి 'విచారణ' అంటారు. ఎంత చక్కని మాటో! విచారించడమంటే బాగోగులు కనుక్కోవడమే కదా. మరి ఎవరు ఎవర్ని విచారిస్తున్నారు? ఉన్నది ఒక్క ఫాదర్ గారు. ఆయన కింద వందల కుటుంబాలు. పైగా చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న గుళ్లు కూడా ఆయనవే. ఒకచోట పెళ్లి, ఒకచోట సమాధి, మధ్యలో స్కూలు లెక్కలు... ఆయన మాత్రం ఎన్ని ఇళ్ల గడప తొక్కగలరు?

2021 అక్టోబరులో పోప్ ఫ్రాన్సిస్ గారు ప్రపంచంలోని విచారణలన్నింటినీ కూర్చుని మాట్లాడుకోమన్నారు. సినడ్ అన్నారు దాన్ని. మా గుడికీ ప్రశ్నల కాగితాలొచ్చాయి. పూజ అయ్యాక ఫాదర్ గారు అందర్నీ కూర్చోబెట్టి, "ఈ గుడిలో మీ మాట ఎవరైనా విన్నారా?" అని అడిగారు. మగవాళ్లు మైకు పట్టుకుని గుడి పెయింటు గురించీ, జనరేటర్ గురించీ మాట్లాడారు. ఆడవాళ్ల వైపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే జవాబు కాబోలు అనుకున్నారేమో, 2022లో విభూది బుధవారం వెళ్లిన వారానికి ఆయన వీధుల లెక్కన మమ్మల్ని గుంపులు చేశారు. మాది పద్నాలుగు ఇళ్ల గుంపు. ప్రతి బుధవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో గంటసేపు కలవాలి. వచ్చే ఆదివారం చదవబోయే సువిశేషాన్ని ముందుగా చదువుకోవాలి.

"గంటా? సరిగ్గా వంట వేళకా?" అని మేమంతా మూతులు ముడుచుకున్నాం.

ఏడు మెట్లు

ఇదేదో మా ఫాదర్ గారి సొంత ఆలోచన అనుకున్నాను. కాదట. తూర్పు ఆఫ్రికాలో ఫాదర్లు చాలక, 1970లలో అక్కడి పీఠాధిపతులు విచారణల్ని ఇలా ఇరుగుపొరుగు గుంపులుగా చేశారు. 1980లలో బొంబాయి అగ్రపీఠం కూడా ఈ దారి పట్టింది. ఆసియా పీఠాధిపతులు 1990లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో కూడినప్పుడు, విచారణ అంటే చిన్న చిన్న సమాజాలన్నీ కలిసిన ఒక పెద్ద సమాజంలా ఉండాలన్నారు. అసలు ఇంకా వెనక్కి వెళితే మొదటి క్రైస్తవులకి గుళ్లెక్కడివి? ఊదారంగు బట్టలమ్ముకునే లూదియ పౌలుని తన ఇంటికే పిలిచింది. మార్కు అనే యోహాను తల్లి ఇంట్లో అందరూ కూడి ప్రార్థన చేస్తుంటే, తలుపు చప్పుడికి వెళ్లిన పనిపిల్ల పేరు రోదే అని కూడా గ్రంథంలో రాసి ఉంది. పనిపిల్ల పేరు రాసి పెట్టారంటే ఆ ఇళ్లల్లో ఎవరెవరు లెక్కలోకి వచ్చేవారో చూడండి!

చదివే పద్ధతి దక్షిణాఫ్రికాది. అక్కడి లుంకో అనే సంస్థలో లోబింగర్, హిర్మర్ అనే ఇద్దరు జర్మన్ ఫాదర్లు దాన్ని రూపొందించారు. ఏడు మెట్లుంటాయి. ముందు ఒకరు ప్రభువుని మన మధ్యకి రమ్మని పిలుస్తారు. తర్వాత ఒకరు సువిశేష భాగం చదువుతారు. మూడోది నాకు చాలా ఇష్టమైన మెట్టు. ఎవరి మనసుకి ఏ మాట తగిలిందో ఆ ఒక్క మాటనే పైకి, నెమ్మదిగా, రెండు మూడుసార్లు అనాలి. వివరణ అక్కర్లేదు. నాలుగో మెట్టులో మౌనం. అయిదోదాన్లో ఆ మాట నన్నెందుకు తాకిందో చెప్పుకోవడం. ఆరోది, ఈ వారం మనం చేయాల్సిన పనేమిటో మాట్లాడుకోవడం. చివర సొంత మాటల్లో ప్రార్థన.

మూడో మెట్టు ఎందుకిష్టమంటే, చదువు రాని ముసలమ్మ కూడా ఒక్క మాట అనగలదు. ప్రసంగం చేయడం అలవాటున్న మగవాళ్లకి మాత్రం ఆ మెట్టు దగ్గర మహా ఇబ్బంది! మా గుంపులో ఒకాయన మొదట్లో మౌనం మెట్టు వచ్చేసరికి గొంతు సవరించుకుని పావుగంట దంచేవారు. ఆయన శ్రీమతే ఒకరోజు, "ఏమండీ, ఇది నాలుగో మెట్టు" అంది. అందరం నవ్వేశాం. ఆయనా నవ్వారు. ఆ రోజునుంచి గుంపు కాస్త గాడిలో పడింది.

మార్త వంటింట్లోనే ఉండిపోయింది

గాడిలో పడిందన్నానా... అక్కడే కొత్త తంటా వచ్చింది. మొదటి ఇంట్లో టీ ఇచ్చారు. రెండో ఇంట్లో టీతోబాటు బిస్కెట్లు. మూడో ఇంట్లో మిరపకాయ బజ్జీ. తర్వాత పులిహోర, ఆ పై వారం రవ్వకేసరి. జూన్ నెలకొచ్చేసరికి ఒకింట్లో చికెన్ పకోడీ దాకా వెళ్లింది! ఎవరింట్లో కూడిక అయితే ఆ ఇల్లాలు గంటంతా వంటింట్లోనే. హాల్లో సువిశేషం, వంటింట్లో సలసల కాగే నూనె. పైగా నెలాఖరు రోజుల్లో వంతు వచ్చినవాళ్లు ఒంట్లో బాగాలేదని వాయిదా వేసుకోవడం మొదలెట్టారు.

2022 జూలైలో మార్త, మరియల కథ వచ్చింది. లూకా సువిశేషం పదో అధ్యాయంలో ఉంది. ఏసు ఇంటికొస్తే అక్క మార్త పనుల్లో మునిగిపోయింది, చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటోంది. "దానికి చెప్పండి స్వామీ, నాకు సాయం చేయమని" అని మార్త గోల. నేను చిన్నప్పట్నుంచీ మార్త పక్షమే. అందరూ కూర్చుంటే అన్నం ఎవరు వండుతారమ్మా?

కానీ ఆ రోజు సిస్టర్ గారు ఒక సంగతి చెప్పారు. ఆ రోజుల్లో గురువు పాదాల దగ్గర కూర్చోవడమంటే శిష్యరికం చేయడమట. మరియ ఊరికే కూర్చోలేదు, శిష్యురాలిగా కూర్చుంది. మగవాళ్లు కూర్చునే చోట కూర్చుంది. ఏసు ఆ చోటు ఆమెకి ఖాయం చేశాడు. ఇది వింటుంటే వంటింట్లోంచి ఉల్లిపాయ పకోడీ వాసన! ఆ ఇల్లాలు తలుపు దగ్గరికొచ్చి, జల్లిగరిటె చేత్తో పట్టుకుని, "నేనూ వింటున్నానండీ" అంది. మాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఆ రోజు ఆరో మెట్టులో నేనే ప్రతిపాదించాను. "ఇకనుంచి ఎవరింట్లోనూ ఏమీ పెట్టొద్దు. మంచినీళ్లు మాత్రమే. ఇల్లాలు కూడా మనతో కూర్చోవాలి." అందరూ ఒప్పుకున్నారు. ఖర్చు తగ్గింది, వాయిదాలు తగ్గాయి. ఎంత మంచి పని చేశానో అని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

నా రూలు ఇంకెందుకు పనికొస్తుందో అప్పుడు నాకు తట్టలేదు.

చివరిల్లు

మా వీధి మలుపు తిరిగాక కాలవ పక్కన చివరి ఇల్లొకటుంది. రేకుల కప్పు, ముందు చిన్న వేపచెట్టు. గుడిలో నా వెనక వరసలో కూర్చునే ఆవిడది ఆ ఇల్లే. ఈ గుంపు వల్లే ఆ సంగతి తెలిసింది. ఆవిడ ప్రతి బుధవారం వచ్చేది, గుమ్మం పక్కన కూర్చునేది. "లోపలికి రా" అనేవాళ్లం. 'రా' అనే అనేవాళ్లం. ఆవిడ నాకంటే ఏడేళ్లు పెద్దది. మిగతావాళ్లందర్నీ 'మీరు' అనే నేను, ఆవిడ దగ్గరికొచ్చేసరికి 'నువ్వు' అనేదాన్ని. ఎవరూ చెప్పకుండానే నాలిక అలా తిరిగేది.

మీకు అర్థమైపోయి ఉంటుంది. క్రైస్తవంలో కులం లేదంటాం. గ్రంథంలో లేదు. కానీ మన ఊళ్లల్లో ఎవరు ఏ ఇంటిపేరుతో బాప్తిస్మం తీసుకున్నారో ఆ పట్టింపులు వెంట వచ్చేశాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలో చేరిన దళితులకి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వాళ్లని బీసీ-సి కింద లెక్కేస్తారు. సర్కారు కాగితంలో పోయిన కులం గుడి బెంచీల మధ్య మాత్రం పోలేదు. తమిళనాడులో కొన్ని ఊళ్లలో సమాధుల తోటలు కూడా వేరువేరుగా ఉండేవి. ఇది గిట్టనివాళ్ల మాట కాదు. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల కోసం ఒక విధానపత్రం విడుదల చేసి, సంఘంలో ఈ వివక్ష ఉందని తానే ఒప్పుకుంది. 2022లో మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు. ఆ పదవి పొందిన తొలి తెలుగువారూ, తొలి దళితులూ ఆయనే. మా గుంపులో అందరం ఆ వార్తకి చప్పట్లు కొట్టాం. కొట్టి, ఎవరి కుర్చీలో వాళ్లం కూర్చున్నాం.

ఏడాది గడిచింది. వంతులు రెండోసారి కూడా మొదలయ్యాయి. చివరింటి వంతు ఒకసారీ రాలేదు. "ఇల్లు ఇరుకు", "కాలవ దగ్గర దోమలు", "రాత్రి లైటుండదు"... ఇలా ఎప్పటికప్పుడు ఏదో ఒక కారణం. 2023 మార్చిలో ఒక బుధవారం, ప్రార్థన ముగిసి చెప్పులేసుకుంటుంటే ఆవిడే అడిగింది.

"మా ఇంటికెప్పుడొస్తారమ్మగారూ?"

అందరూ నావైపు చూశారు. వంతుల పుస్తకం నా దగ్గర ఉండేది మరి. "వచ్చే వారమే" అన్నాను. అనకపోతే ఏం బావుంటుంది?

ఆ వారం తపస్సుకాలంలో మూడో ఆదివారపు సువిశేషం. ఎంచుకుని పెట్టుకున్నది కాదు. మూడేళ్లకొకసారి ఆ ఆదివారానికి ఆ భాగమే వస్తుంది. యోహాను నాలుగో అధ్యాయం. ఎండలో నడిచి అలసిపోయిన ఏసు బావి దగ్గర కూర్చుని, నీళ్లు తోడుకోడానికి వచ్చిన సమరియ స్త్రీని దాహమడుగుతాడు. యూదులు సమరియుల చేతి పాత్ర ముట్టరు. అందుకే ఆమె ఆశ్చర్యపోతుంది, నా చేతి నీళ్లు అడుగుతున్నావేమిటని.

మేం పదకొండు మందిమి వెళ్లాం. ఇల్లు అలికి, ముగ్గేసి, గోడకి కొత్త క్యాలెండర్ మేరీమాత బొమ్మ తగిలించి ఉంది. పక్కింటినుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలేసింది. పీట మీద పళ్లెంలో పన్నెండు స్టీలు గ్లాసులు, తళతళలాడే కొత్తవి, నిండా మంచినీళ్లు. నా రూలు ప్రకారమే!

ఒక్కరూ ముట్టలేదు. ఒకావిడ సంచిలోంచి నీళ్ల సీసా తీసుకుని రెండు గుక్కలు తాగి మళ్లీ లోపల పెట్టుకుంది. నేను... నేనూ ముట్టలేదు. దాహం లేదని నాకు నేను చెప్పుకున్నాను.

ఆవిడే చదివింది సువిశేషం. సిస్టర్ల హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివిందట, మాకు తెలీదు. స్పష్టంగా, ఒక్క తప్పు లేకుండా చదివింది. మూడో మెట్టు వచ్చింది. ఒకరు 'బావి' అన్నారు. ఒకరు 'నిత్యజీవం' అన్నారు. ఆవిడ వంతు వచ్చింది.

"నీళ్లు" అంది. కాస్త ఆగి మళ్లీ, "నీళ్లు." మూడోసారి అనలేకపోయింది.

ఆ తర్వాతి మౌనం నాలుగో మెట్టుదో, మా సిగ్గుదో చెప్పలేను. మా గుంపులో అందరికన్నా పెద్దావిడ ఒకామె ఉంది, డెబ్భై దాటిన మనిషి, మడీ పట్టింపూ ఎక్కువని పేరు. ఆవిడ లేచి, కర్ర ఆనించుకుని పీట దగ్గరికెళ్లి, గ్లాసు తీసి గటగటా తాగేసింది. తాగి, "ఏమ్మా, కాఫీపొడి లేదా ఇంట్లో? ఈ నీళ్లతో సరిపెడతావా?" అంది.

"రూలు ఉందిగా పెద్దమ్మా" అంది చివరింటావిడ కళ్లు తుడుచుకుంటూ.

"రూలు పెట్టినావిడే కలుపుతుంది కాఫీ" అని నావైపు చూసింది పెద్దావిడ.

ఆ ఇంటి వంటింట్లోకి వెళ్లి, ఆవిడ పక్కన నిలబడి, నేను కాఫీ కలిపాను. చక్కెర డబ్బా ఎక్కడుందో అడగబోయి, "మీరు చక్కెర ఎక్కడ పెడతారు?" అన్నాను. 'మీరు' అన్నానని అన్న తర్వాత తెలిసింది. ఆవిడకీ తెలిసింది.

తర్వాత

అందరూ తాగారని రాస్తే అబద్ధమవుతుంది. నీళ్ల సీసా ఆవిడ తాగలేదు. మరో కుటుంబం ఏదో పని ఉందని లేచి వెళ్లిపోయింది. ఆ రెండు కుటుంబాలూ ఆ తర్వాత బుధవారాలు మానేశాయి. ఒకరు క్రిస్మస్ నాటికి తిరిగొచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు, ఆవిడా ఏమీ చెప్పలేదు, వచ్చి చాప మీద కూర్చుంది. రెండో కుటుంబం ఆదివారం పూజకి మాత్రం వస్తుంది. కనిపిస్తే పలకరించుకుంటాం.

రూలు మారింది. ఇప్పుడు ఏ ఇంట్లో అయినా ఒక్కటే ఇవ్వాలి. కాఫీ కానీ, మజ్జిగ కానీ, ఉట్టి నీళ్లు కానీ. ఇల్లాలు ముందే కలిపి ఫ్లాస్కులో పోసి, వచ్చి మాతో కూర్చోవాలి. ఇచ్చింది అందరూ పుచ్చుకోవాలి. షుగరున్నవాళ్లకి మజ్జిగ.

ఆరో మెట్టు కూడా మారింది. మొదట్లో 'అందరి కోసం ప్రార్థిద్దాం' అని తేల్చేసేవాళ్లం. ఇప్పుడు పనులు పేరు పెట్టి పంచుకుంటున్నాం. బాలింతరాలికి పథ్యం కూర ఎవరు తీసుకెళ్లాలి, ఒంటరి ముసలాయన్ని ఆస్పత్రికి ఎవరు తోడు తీసుకెళ్లాలి, వితంతు పింఛను కాగితాలు ఎవరు నింపాలి... ఆడవాళ్లం ఈ పనులు ఎప్పుడూ చేసేవాళ్లమే. కానీ మన వాళ్లకే చేసుకునేవాళ్లం. ఎవరు మన వాళ్లు అన్న లెక్క కాస్త పెద్దదైంది.

చివరింటావిడ ఇప్పుడు ఆదివారం పూజలో పఠనాలు చదువుతోంది. మన గుళ్లల్లో ఆడవాళ్లు చదవడం కొత్తేం కాదు. కానీ సంఘం తరఫున పఠన సేవకురాలిగా అధికారికంగా నియమించే వీలు 2021 జనవరి దాకా మగవాళ్లకే ఉండేది. పోప్ ఫ్రాన్సిస్ గారు దాన్ని ఆడవాళ్లకీ తెరిచారు. అదే ఏడు మే నెలలో ఉపదేశి సేవకీ అలాంటి గుర్తింపు తెచ్చారు, ఆడవాళ్లకీ మగవాళ్లకీ. మా గుడిలో ఆ నియామకాలింకా జరగలేదు, అది వేరే కథ. విచారణ సలహా సంఘంలో ఆడవాళ్లని ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. పువ్వులు కట్టడం, ఊడవడం, పండుగ వంటలు మావి. లెక్కల పుస్తకం వాళ్లది. ఈ సంగతి బుధవారాల్లో రెండుసార్లు వచ్చింది. మళ్లీ వస్తుంది కూడా!

మీ వీధిలో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. రెండు చాపలు, ఒక గ్రంథం, ఒక కొవ్వొత్తి చాలు. గంట దాటనివ్వకండి, దాటితే ఇంట్లో మగవాళ్లూ, అత్తగార్లూ విసుక్కుంటారు, మరుసటి వారం రావడం కష్టమవుతుంది. కుక్కర్ ముందే దించేసుకుని బయల్దేరండి. సెల్‌ఫోన్లు ఒక బుట్టలో వేయండి. మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, మాట్లాడనివాళ్లని మూడో మెట్టు దగ్గర కాస్త ఆగి చూడండి. ఇక వంతులు... మీ వీధిలో చివరిల్లు ఏదో మీకు తెలుసు. ఆ ఇంటితోనే మొదలుపెట్టండి. మాలాగా ఏడాది ఆగకండి.

ఈ బుధవారం వంతు మాది. చివరింటావిడ పొద్దున ఫోను చేసింది. "మీ ఇంట్లో కాఫీ పల్చగా ఉంటుందండీ, ఈసారి డికాక్షన్ నేను తీసుకొస్తా" అంది. నాకు కాస్త రోషం వచ్చిన మాట నిజమే. "సరే, తీసుకురండి" అన్నాను.